చేయి చాపి ఇచ్చేదానికే సోకు

మా మనోహరాబాద్ పక్క ముక్కుపొడుం పీల్చే ముసలోళ్లు ఇప్పుడు అరుదు. వాళ్ల డబ్బీ ఎట్లుండేదో మాత్రం ఈ తరానికీ తెలుసు: రేకుది, మూత సొట్టపోయినది, ధోవతి రొంటిన దోపుకునేది. దాని మీద పువ్వో తీగో గీయించుకోవాలని ఎవరికీ తోచలేదు.

అదే పొడానికి చైనాలో పట్టిన వైభోగం వేరు. కాంగ్షీ చక్రవర్తి (1662–1722) కోటలోనే కార్ఖానాలు పెట్టించాడు. ఐరోపా పాదరీల సాయంతో అక్కడ ఎనామిల్ పని పుంజుకుంది. మొదట రాగి, గాజు సీసాల మీద సాగిన ఆ నగిషీ, తర్వాత పింగాణీ సీసాలకూ విరివిగా పాకింది. సీసా అరచేతిలో ఇమిడిపోతుంది. బిరడాకు లోపల సన్నటి చెంచా ఉంటుంది.

పనంతా రెండు మంటల మధ్యే. పింగాణీని సుమారు 1,300 డిగ్రీల్లో కాల్చి, ఆ నున్నటి మెరుపు మీద రంగుగాజు పొడితో బొమ్మ వేసి, మళ్లీ 700–800 డిగ్రీల్లో కాలుస్తారు. కుంచెకు అంటిన రంగు ఒకటి, కొలిమి ఇచ్చేది మరొకటి. ఆ బొమ్మల్లో కనబడే గులాబీ రంగు రవ్వంత బంగారం చలవే. అంటే చిత్రకారుడు కంటికి కనబడని రంగును మనసులో పెట్టుకుని, బొటనవేలంత జాగాలో పూరేకులు దిద్దాలి.

పొడుం సీసాకు ఇంత సింగారం ఎందుకు? అక్కడ నలుగురు కలిస్తే సీసా ముందుకు చాపడం మర్యాద. చక్రవర్తులు కొలువులోని వాళ్లకు సీసాలు బహూకరించేవారు. మన దగ్గర పొడుం సొంత యావ. పేరంటాళ్లకు అందించేది కుంకుమ భరిణె, నవాబుల దివాణంలో పాన్‌దాన్. పనితనమంతా వాటి మీదే పోశారు. బిద్రీ పాన్‌దాన్ చూడండి: జస్తులో కాస్త రాగి కలిపి పోత పోసి, వెండి తీగ పొదిగి, చివర్న బీదర్ కోట మట్టి, నవాసాగరం కలిపి రుద్దుతారు. లోహం నల్లబడ్డాకే వెండి తళుక్కుమంటుంది. 1951లో తెరిచిన సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా పింగాణీ, బిద్రీ రెండూ ఉన్నాయి.

చేతివృత్తులు బతకాలని సభలు పెడతాం, శాలువాలు కప్పుతాం. ఇంటికొచ్చిన చుట్టానికి మాత్రం కాగితం కప్పులో చాయ్ పోసి, వక్కపొడి పొట్లం చేతిలో పెడతాం. బిద్రీ పనివాడికి సన్మానం కన్నా, మన ఇంట్లో రోజూ నలుగురికీ అందే ఓ చిన్న వక్కల భరిణె ఆర్డరే మేలు.