మన బొమ్మ, మనం చూడకూడదట!

మా పుట్టింట్లో స్టీలు గిన్నెల మీద బంధువుల పేర్లుండేవి. మిగతా సామాను మీద మందుల పేర్లుండేవి. గోడ గడియారం మీద దగ్గుమందు, పెన్నుల డబ్బా మీద బలం టానిక్కు, అమ్మ చాకలిపద్దు రాసుకునే పుస్తకం అట్ట మీద కడుపుమంట బిళ్ల! అన్నయ్య మెడికల్ రెప్ మరి. డాక్టర్లకు పంచగా మిగిలినవన్నీ ఇంటికి చేరేవి. పొద్దున్నే మెడకి టై బిగించి, తోలుసంచీ పట్టుకుని, దువ్వాడ స్టేషన్లో పాసింజరెక్కి అనకాపల్లి, ఎలమంచిలి, తుని దాకా తిరిగొచ్చేవాడు. నా అత్తవారిల్లు కూడా దువ్వాడే కావడంతో, సాయంత్రాలు ఆ సంచీ మా అరుగు మీద కూడా దిగేది.

అందులో నున్నటి కాగితం మీద రంగురంగుల బొమ్మలుండేవి. డాక్టరు ముందు ఒక్కొక్క పేజీ తిప్పుతూ మందు గుణగణాలు చెప్పాలి. దాన్ని ‘డిటైలింగ్’ అంటారట. పెళ్లిచూపుల్లో పిల్ల తరఫువాళ్లు చెప్పినట్టే, గుణాలు పెద్దక్షరాల్లోనూ దోషాలు చీమతలకాయంత అక్షరాల్లోనూ ఉండేవి. నేను చెయ్యి చాపితే అన్నయ్య లాక్కునేవాడు.

“ఇవి నువ్వు చూడాల్సినవి కావే. డాక్టర్లకి మాత్రమే.”

నిజమే, అట్ట మీద ఇంగ్లీషులో ఆ మాటే అచ్చేసి ఉండేది.

1984లో ఓ సాయంత్రం అన్నయ్య కాఫీ తాగుతుండగా ఓ అట్ట చూసేశాను. ఎడమపక్క ఒకావిడ, నుదుటి మీద చెయ్యి, కళ్ల కింద నలుపు, వెనకాల అంట్లగిన్నెలు. కుడిపక్క ఆవిడే, తలనిండా పూలు, చేతిలో కాఫీ కప్పు, మొహంనిండా నవ్వు. రెండింటికీ మధ్య ఒక బిళ్ల! అంతే కథ.

అప్పటికి మా మామగారు పక్షవాతంతో మంచాన ఉన్నారు. పక్క తిప్పడానికి, మంచినీళ్లకి, బెడ్‌పాన్‌కి రాత్రికి నాలుగుసార్లు లేచేదాన్ని. తల తిరుగుతోందని ఆ వారమే ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాను. “నిద్ర ఉండటంలేదండీ” అన్నాను. ఆయన రెండు నిమిషాల్లో చీటీ రాసి, “టెన్షన్ తగ్గించుకోవాలమ్మా” అన్నారు. చీటీలో ఉన్నది ఆ అట్ట మీది బిళ్లే!

ఎందుకని ఒక్కమాట అడిగుంటే చెప్పేదాన్ని: నిద్ర పట్టక కాదు డాక్టరుగారూ, పోనివ్వక అని. ఆ బిళ్ల మింగి నేను పడుకుంటే, మామగారు పిలిస్తే పలికేదెవరు? చీటీ మడిచి పోపులడబ్బాలో పెట్టాను. మావారు వారానికి మూడు రాత్రులు వంతు తీసుకున్నాక తల తిరగడం దానంతటదే తగ్గింది.

డాక్టరుగారు చెడ్డవారు కాదు. కాని నేను గదిలోకి వెళ్లేసరికే నాలాంటి ఆవిడ బొమ్మ ఆయన కళ్లముందు ఉంది. ఆ బొమ్మతో నా పేచీ ఇదీ: అందులో అంట్లు ఉన్నాయిగాని, అవి ఎవరు తిన్న కంచాలో లేదు. మొగుడు లేడు, మంచాన పడ్డ మామగారు లేరు. ఇంట్లో మనుషులందర్నీ చెరిపేసి, మిగిలిన అలసటకి జబ్బని పేరు పెట్టారు. ఇక నయమవడానికి గుర్తేమిటి? కాఫీ అందించడం!

ఒకప్పుడు మందులు మనతోనే మాట్లాడేవి. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత సభల్లో ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారు. కె.ఎన్. కేసరిగారు స్త్రీల కోసం ‘లోధ్ర’ తయారుచేసి, 1928లో ‘గృహలక్ష్మి’ పత్రికే పెట్టారు. రచయిత్రులకు స్వర్ణకంకణాలు తొడిగారు. ఆ కాలపు మందుల ప్రకటనల్లో గొప్పలు లేవని కాదు. ఒక సీసాకి నూరు రోగాలు పోతాయనే రోజులవి. అందుకే 1954లో చట్టం వచ్చింది. కొన్ని జబ్బులకు మందుందని జనానికి ప్రకటించకూడదంది. ఆ జాబితాలో మన నెలసరి బాధలూ ఉన్నాయి. అయితే అదే ప్రకటనని గుట్టుగా డాక్టరుకి పంపితే తప్పులేదు. పైన ‘డాక్టర్లకు మాత్రమే’ అని ఉండాలంతే. చట్టం మంచికే పుట్టింది. కాని మనతో మాట్లాడే మందు, అప్పట్నించి మన గురించి ఇంకొకరితో మాట్లాడటం మొదలెట్టింది.

ఈ విద్య బాగా ముదిరింది అమెరికాలో. అందులోనూ మన పేరొకటి తగులుతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలు నడిపిన లెడర్లీ కంపెనీ నుంచి 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. 1950లో పోటీగా ఫైజర్‌వారి టెర్రామైసిన్ దిగింది. దాన్ని డాక్టర్ల పత్రికల్లో పేజీలకు పేజీలు ప్రచారం చేసిన ఆర్థర్ సాక్లర్ స్వయానా మానసిక వైద్యుడు. ఫైజర్‌వారిదే మరో మందు ప్రకటనలో, మేం వాడుతున్నామంటూ డాక్టర్ల విజిటింగు కార్డులు అచ్చేశారు. 1959లో జాన్ లియర్ అనే పత్రికా రచయిత ఆ చిరునామాలకు ఉత్తరాలు రాస్తే తిరిగొచ్చాయి. ఆ డాక్టర్లు లేనే లేరు!

1967లో అక్కడే సెరాక్స్ అనే బిళ్లకి ఒక ప్రకటన వచ్చింది. చీపుళ్లూ, తుడుపుకర్రలూ జైలు ఊచల్లా నిలబడ్డాయి, వెనకాల ఇల్లాలు. ఆవిడకి విడుదల ఇప్పించడం డాక్టరు చేతిలో లేదుగాని, ఆందోళన తగ్గించవచ్చని కింద రాశారు. జైలని వాళ్లే ఒప్పుకున్నారు చూశారా! తాళంచెవి వెతకమనలేదు, బిళ్ల ఇమ్మన్నారు. మా అన్నయ్య సంచీలోని ఆవిడ ఈవిడకి చెల్లెలే.

అన్నయ్య పక్షాన ఒకమాట చెప్పకపోతే అన్యాయం. చుట్టుపక్కల ఊళ్లలో చాలామంది డాక్టర్లకు కొత్తమందు కబురు మోసుకెళ్లింది వాడే. టార్గెట్ అందని నెల వాడికీ నిద్రుండేది కాదు. వాడికి మాత్రం ఎవరూ కాఫీ కప్పు బొమ్మ వెయ్యలేదు.

రోజులు మారాయి. డాక్టర్లు కంపెనీల కానుకలూ ప్రయాణ ఖర్చులూ పుచ్చుకోకూడదని 2009లో మెడికల్ కౌన్సిల్ అంది. అలాంటి కానుకల ఖర్చుకి కంపెనీలు ఆదాయపు పన్నులో మినహాయింపు అడగరాదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. 2024 మార్చిలో కేంద్రం ఇచ్చిన నియమావళి ప్రకారం, మనదేశంలో ఏడాది దాటి వాడుకలో ఉన్న మందుని ‘కొత్తది’ అనకూడదు. సంతోషమే. కాని డాక్టరు కళ్లముందున్న ఆ బొమ్మని పక్కకి జరపాల్సింది మనమే.

మొన్న అన్నయ్యకి ఈ సంగతంతా చెప్పాను. రిటైరై చాలా ఏళ్లయింది వాడికి. కాసేపు మాట్లాడలేదు. “ఆ అట్ట వెయ్యిసార్లు తిప్పుంటానే. అది నీ మొహంలా ఉందని ఒక్కసారీ తట్టలేదు” అన్నాడు.

అక్కయ్యలూ, చెల్లెళ్లూ! ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్తే, “నిద్ర లేదండీ” అని ఊరుకోకండి. రాత్రి ఎవరు లేపుతున్నారో, ఎన్నిసార్లు లేపుతున్నారో అది కూడా చెప్పండి. చీటీ రాశాక “ఇది దేనికండీ?” అని అడగండి. విసుక్కుంటే విసుక్కుంటారు. ఆ బిళ్ల మింగేది మనం కదా!