సోల దగ్గరే తేలాలి

మా సూర్యాపేట, కోదాడ పక్క బరువు తగ్గే గాలి ఒక్కోసారి ఒక్కో దిక్కు నుంచి వీస్తుంది. ఉప్పూ నూనే మానండన్న మంతెన సత్యనారాయణరాజు గారి మాట కొన్నాళ్లు నడిచింది. తర్వాత వీరమాచనేని రామకృష్ణ గారి డైటంటూ ఇళ్లల్లోకి కొబ్బరినూనె సీసాలు, నిమ్మకాయల సంచులు వచ్చాయి. ఖాదర్‌వలీ గారి సిరిధాన్యాల పేరు మోగాక కొర్రలు, అండుకొర్రలు మళ్లీ కొట్లోకి ఎక్కాయి. వీటిలో ఏది గొప్పదన్న పంచాయితీ నాకొద్దు. మా చుట్టాల్లో, దోస్తుల్లో నేను చూసింది ఒక్కటే: గట్టిగా పట్టిన వాళ్లు తగ్గారు, పెళ్లిళ్ల సీజన్ దాటేసరికి చాలామంది మళ్లీ మొదటికొచ్చారు.

ఇందులో వింతేం లేదు. అన్నం ఒక్కసారిగా మానేస్తే మొదటి వారం కాటా మీద తగ్గినట్టు కనపడేదాంట్లో చాలావరకు నీళ్లే. ఒంట్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ గ్రాముకు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకొని ఉంటుంది. అది ఖర్చయితే నీళ్లూ పోతాయి, అన్నం మళ్లీ మొదలైతే నీళ్లూ తిరిగొస్తాయి. మొదటి వారం సంబరం, ఆ తర్వాతి దిగులు రెండూ అక్కడివే. కొవ్వు కరగడానికి నెలలు పడుతుంది. నెలల తరబడి చేయలేని తిండి ఎంత గొప్పదైనా మనకు పనికిరాదు.

అసలు మన పళ్లెంలోకి ఇంత అన్నం ఎప్పుడొచ్చింది? సూర్యాపేట నుంచి ఖమ్మం పోయే దారిలో ఉన్న మా మోతె వైపు ముసలివాళ్లను కదిలిస్తే జొన్న గటక, జొన్నరొట్టె, అంబలి, పప్పు, పుంటికూర అంటారు. వరన్నం పండక్కి, లేదంటే చుట్టాలొస్తే. 1967లో సాగర్ కాలువలకు నీళ్లొదిలాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు వరి పరుచుకుంది. మిర్యాలగూడ రైస్‌మిల్లుల ఊరైంది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. 2025 ఉగాది నాడు రేషన్ సన్నబియ్యం పథకం మొదలైంది కూడా మన జిల్లా హుజూర్‌నగర్‌లోనే. ఆకలి తీర్చిన బియ్యాన్ని తిట్టుకోవడం పాపం. కాకపోతే ఈ కాలంలోనే నాగలి పోయి ట్రాక్టరొచ్చింది, కొడవలి పోయి కోత మిషనొచ్చింది, పొలం గట్టు దాకా బైకొచ్చింది. ఒంటికి పని తగ్గింది, పళ్లెంలో కుప్ప తగ్గలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆడవాళ్లలోనూ మగవాళ్లలోనూ నూటికి ముప్పై మందికి అటూ ఇటూగా అధిక బరువే.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో తిండి మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2,000 కేలరీలు చాలే మనిషికి అన్ని ధాన్యాలూ కలిపి 250 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పప్పుగానీ దాని బదులు గుడ్డు, మాంసంగానీ 85 గ్రాములు, నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. పాలు, పండ్లు, గింజలు వేరే. ఇప్పుడు రేషన్ కార్డు తీయండి. మనిషికి నెలకు ఆరు కిలోలంటే రోజుకు 200 గ్రాములు. అది ఎక్కువేం కాదు. దాని మీద పొద్దున దోసె, సాయంత్రం మిర్చిబజ్జీ, మధ్యలో చక్కెర దండిగా వేసిన చాయలు చేరడం ఒక చిక్కు. పక్కన ఉండాల్సినవి లేకపోవడం ఇంకా పెద్ద చిక్కు. నలుగురున్న ఇంటికి ఈ లెక్కన నెలకు పప్పు, గుడ్డు, మాంసం కలిపి 10 కిలోలు, కూరగాయలు 48 కిలోలు కావాలి. నూనె, నెయ్యి కలిపి మూడున్నర లీటర్లు దాటకూడదు. మన ఇళ్లల్లో చాలాచోట్ల పప్పు తక్కువ, నూనె ఎక్కువ.

జొన్నల గురించి ఒక భ్రమ కూడా పోవాలి. ఆ సంస్థే 2017లో వేసిన ఆహార పట్టికలో 100 గ్రాముల బియ్యానికి 356 కేలరీలు, జొన్నలకు 334. పెద్ద తేడా లేదు. పీచు మాత్రం బియ్యంలో మూడు గ్రాముల లోపు, జొన్నల్లో పది గ్రాములు. అందుకే రెండు రొట్టెలకే కడుపు నిండుతుంది. ఆరోగ్యమని ఆరు రొట్టెలు లాగిస్తే నడుం ఎందుకు తగ్గుతుంది?

ఈ పుస్తకాలేవీ చదవని మా పెద్దమ్మ మోతెలో ఉంటుంది. షుగరుందని డాక్టరు చెప్పిన నాటి నుంచి ఆమె మార్చింది బియ్యం డబ్బా దగ్గరి పద్ధతి. ఇదివరకు సోల నిండా గోపురంగా ముంచి పోసేది. ఇప్పుడు సోలను డబ్బా మీదే పట్టుకొని, అరచేత్తో అంచుకు సమంగా రాసి, పైదంతా మళ్లీ డబ్బాలోకే తోసేస్తుంది. పప్పు గిన్నె ఒక సైజు పెరిగింది. పళ్లెంలో ముందు గంటెతో బీరకాయ కూర, పప్పు పడతాయి, మిగిలిన జాగాలో బువ్వ. “అంత లెక్క ఎందుకే పెద్దమ్మా, తినేటప్పుడు తక్కువ తింటే సరిపోదా?” అన్నాను. “వండినంక తినకుండ ఉంటమా బిడ్డా? పారేస్తే పాపమని అందరు తిన్నంక మిగిలింది నేనే తింటి ఇన్నేండ్లు. వండేటప్పుడే తక్కువ వండాలె” అంది.

ఇంతకన్నా పెద్ద మాట నేను ఏ డైట్ ప్రసంగంలోనూ వినలేదు. ఆకలి మీద, వాసన మీద, ఎదురుగా ఉన్న వేడి అన్నం మీద మనిషి రోజుకు రెండు పూటలా గెలవలేడు. పొయ్యి మీద ఎసరు పెట్టకముందే గెలవాలి. మన ఇళ్లల్లో మిగిలింది తినే బాధ్యత ఎప్పుడూ ఆడవాళ్లదే కాబట్టి, సోల తగ్గితే ముందుగా మేలు జరిగేది వాళ్లకే.

మర్యాదల్లోనూ ఈ మార్పు రావాలి. చుట్టానికి మారు వడ్డించకపోతే మనకు మనసొప్పదు. వడ్డించండి, కాకపోతే కూర మారు వడ్డించండి. తొందర కూడా వద్దు. ఒంటి బరువు వారానికి అర కిలో తగ్గితే చాలు, అదే క్షేమమని పోషకాహార సంస్థ మార్గదర్శకాలే చెబుతున్నాయి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడే వాళ్లు అన్నం బాగా తగ్గించే ముందు డాక్టరుకు చెప్పాలి, లేదంటే షుగర్ మరీ పడిపోవచ్చు.

ఏ డైట్ మొదలుపెట్టాలని నన్ను అడిగేవాళ్లకు ఒకటే మనవి. ఈ నెల మీ ఇంట్లో బియ్యం ఎన్ని కిలోలు, పప్పు ఎంత, కూరగాయలు ఎన్ని, నూనె ఎన్ని లీటర్లు ఖర్చయ్యాయో గోడ క్యాలెండర్ మీద రాయండి. వచ్చే నెల బియ్యంలో ఒక కిలో తగ్గించి, పప్పులో ఒక కిలో పెంచండి. ఏడాది పాటు నిలిచేది అదొక్కటే.