చూసేవాళ్లకూ చదువు చెప్పాలి

అడ్మిషన్ల కాలం వచ్చిందంటే కరీంనగర్‌లో కాలేజీల ముందున్న జిరాక్స్ షాపుల్లో ఒక కాగితానికి గిరాకీ పెరుగుతుంది. ర్యాగింగ్ చేయను, చేస్తే ఏ శిక్షకైనా సిద్ధం అని విద్యార్థి ఒకటి, తల్లో తండ్రో ఒకటి రాసిచ్చే హామీపత్రం అది. 2009 మార్చిలో హిమాచల్‌ప్రదేశ్‌లోని టాండా మెడికల్ కాలేజీలో అమన్ కచ్రూ సీనియర్ల దెబ్బలకు చనిపోయాక యూజీసీ తెచ్చిన నిబంధనల్లో ఇదొకటి. మన దగ్గర అంతకు పన్నెండేళ్ల ముందే, 1997లోనే, ఉమ్మడి రాష్ట్రం ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. ఆరు నెలల జైలు నుంచి, ప్రాణం పోతే యావజ్జీవం దాకా అందులో శిక్షలున్నాయి. ఫిర్యాదు వచ్చినా పట్టించుకోని ప్రిన్సిపాల్ కూడా ఆ నేరానికి తోడ్పడినట్టేనని ఆ చట్టం చెబుతుంది. మంచి చట్టం.

అయితే ఆ కాగితం మీద సంతకం పెట్టే పిల్లల్లో చాలామంది ఎవరినీ ఏడిపించేవాళ్లు కారు, ఏడ్చేవాళ్లూ కారు. పక్క మంచం మీద పడుకొని, మెస్సులో ఎదురు బెంచీ మీద కూర్చొని, బస్సులో వెనక నిలబడి చూసేవాళ్లు. వాళ్లకు మన చట్టాలు చెప్పింది చాలా తక్కువ. దోషులెవరో తేలకపోతే అందరికీ కలిపి శిక్ష వేయాలని యూజీసీ నిబంధనల్లో ఒక మాట ఉంది. భయపెట్టడానికి అది పనికొస్తుందేమో. గది తలుపు తోసుకొని లోపలికి పోయి ఏమనాలో మాత్రం దానివల్ల ఏ పిల్లవాడికీ తెలియదు.

ఆ 'ఏమనాలి' అన్నదే కొన్నేళ్లుగా నా పని. కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాద్ కాలేజీలు పిలిచినప్పుడు వెళ్తాను. ఉపన్యాసం ఇవ్వను. ముందు కుర్చీలు జరిపిస్తాను. రెండు వరసల్లో కుర్చీలు, మధ్యలో నడిచే దారి. ఇది జగిత్యాల పోయే బస్సు అంటాను. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం వచ్చాక కాలేజీకి బస్సులో వచ్చే ఆడపిల్లలు పెరిగారు, బస్సులో నిలబడే చోటు తగ్గింది. కాబట్టి ఈ సన్నివేశం వివరించాల్సిన పని ఎక్కడా పడదు. ఒకమ్మాయి కిటికీ పక్కన కూర్చుంటుంది. ఒకబ్బాయి పక్క సీట్లో చేరి మీదికి వాలుతుంటాడు. మిగతావాళ్లు ప్రయాణికులు.

మొదటిసారి ఎప్పుడూ రెండే జరుగుతాయి. బస్సంతా ఫోన్లు చూసుకుంటుంది, లేదా వెనక నుంచి ఒక కుర్రాడు సినిమాలో లాగా లేచి వచ్చి కాలర్ పట్టుకుంటాడు. రెండోదానికి చప్పట్లు పడతాయి. అప్పుడు నేను ఆ అమ్మాయి వైపు తిరిగి, ఇప్పుడు నీకెట్లున్నదమ్మా అని అడుగుతాను. జగిత్యాల దగ్గరి ఒక కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం పిల్ల చెప్పిన జవాబు ఇది: "వాళ్లిద్దరు కొట్టుకుంటున్నరు మేడం. నేను ఇంక గా మూలకే ఉన్న. అందరు నన్నే సూస్తున్నరు. నాకు గాయనను కొట్టుడు అక్కర లేదు, గా సీట్లకెళ్లి లేస్తె సాలు."

ఆ జవాబు విన్నాక ఆటను మళ్లీ మొదటి నుంచి ఆడించాం. ఈసారి వెనక నుంచి ఇంకో అమ్మాయి వచ్చింది. వాలుతున్నవాడి ముఖం కూడా చూడలేదు. "ఏ, నువ్వు ఈడున్నవానే? రికార్డు తెచ్చినవా? జర ముందటికి రా, సీటున్నది" అంది. కూర్చున్న పిల్ల లేచి నడిచిపోయింది. అంతే, బస్సులో ఎవరి గొంతూ పెరగలేదు. పోకిరీ పాత్ర వేసిన అబ్బాయి ఏం చేయాలో తోచక చేతులు ముడుచుకొని కూర్చున్నాడు. ఆ అమ్మాయి చేసినదాంట్లో గమనించాల్సినవి చాలా ఉన్నాయి. మాట్లాడింది వేధించేవాడితో కాదు, ఇబ్బందిలో ఉన్న మనిషితో. అడిగిన మాట ఆ పిల్ల లేవడానికి సాకు ఇచ్చేది. గొంతు మామూలుగా ఉంది. పరిచయం లేకపోయినా ఉన్నట్టే పలకరించింది. వీటిలో ఏదీ పుట్టుకతో వచ్చే ధైర్యం కాదు. నాలుగైదుసార్లు నోటితో అని, కాళ్లతో నడిచి అలవాటు చేసుకుంటే వచ్చేది. ఈత గట్టు మీద కూర్చుంటే రాదు, ఇదీ అంతే.

అమెరికా యూనివర్సిటీల్లో చూసేవాళ్లకిచ్చే ఈ శిక్షణకు మూడు దశాబ్దాల చరిత్ర ఉంది. బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో 1993లో జాక్సన్ కాట్జ్ దీన్ని ఆటగాళ్లతో మొదలుపెట్టాడు. మగపిల్లలను కాబోయే దోషులుగా కూర్చోబెట్టి నీతులు చెబితే చెవులు మూసుకుంటారు, తప్పు చేస్తున్నవాడి పక్కనున్న స్నేహితుడిగా పిలిస్తే ముందుకు వస్తారు అన్నది ఆయన ఆలోచన. మన మెకానికల్ బ్రాంచి వెనక బెంచీల్లో ఇది నిజమని నేను కళ్లారా చూశాను. "నీ దోస్తు గిట్ల చేస్తుంటే ఏం జేస్తవ్ తమ్మీ?" అని అడిగితే వాళ్లు నిటారుగా కూర్చుంటారు.

మనుషులు ఎందుకు కదలరన్నదాని మీద పరిశోధన ఇంకా పాతది. 1968లో జాన్ డార్లీ, బిబ్ లతానే న్యూయార్క్ విద్యార్థుల మీద చేసిన ప్రయోగాన్ని అచ్చువేశారు. వేర్వేరు గదుల్లో ఉండి మైకుల్లో మాట్లాడుకుంటున్నప్పుడు ఒకరికి మూర్ఛ వచ్చినట్టు వినిపిస్తుంది. తానొక్కడే వింటున్నానని అనుకున్నవాళ్లలో నూటికి 85 మంది ఆ మూర్ఛ ముగిసేలోగానే సాయానికి లేచారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నవాళ్లలో లేచింది 31 మందే. వాళ్లు చెడ్డవాళ్లు కారు, ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకున్నారు. అందుకే నేను పిల్లలతో పదేపదే చెప్పించేది: "ఎవరన్న పిలువుండ్రి" అనకండి, వేలు పెట్టి చూపించి ఒక్కరికి చెప్పండి. "నీలం అంగీ తమ్మీ, నువ్వు వాచ్‌మెన్ అన్నను పిలుచుకరా. అక్కా, నువ్వు వందకు ఫోన్ చెయ్యి." పేరు పెట్టో, రంగు పెట్టో అప్పగిస్తే కాళ్లు కదులుతాయి.

నిరాశపడాల్సిన పని లేదని చెప్పే పరిశోధన కూడా ఒకటుంది. ఇంగ్లండ్‌లోని లాంకస్టర్, నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ వీధుల్లో సీసీ కెమెరాలకు చిక్కిన 219 తగాదాలను చూస్తే, పదింట తొమ్మిదింటిలో కనీసం ఒక్కరైనా నడుమకు వచ్చారు. బస్‌స్టాండులో, వీధిలో మనవాళ్లూ వస్తారు. పండ్లమ్మే అవ్వ గట్టిగా ఒక్క కేక వేస్తే ఆగిపోయిన గొడవలు నేనెన్నో చూశాను.

కష్టమంతా హాస్టల్లోనే. అక్కడ అందరూ అందరికీ తెలుసు. వేధించేవాడు రేపు నోట్స్ ఇవ్వాల్సిన అన్న, ప్లేస్‌మెంట్‌కు చెయ్యి పట్టుకొని నడిపించాల్సిన సీనియర్, ఒకే ఊరివాడు, ఒకే కులంవాడు. 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో పీజీ చేస్తున్న ఒక విద్యార్థిని మరణం ఈ ప్రాంతాన్నంతా కదిలించింది. వాట్సాప్ గ్రూపులో సీనియర్ ఆమెను కించపరిచేవాడని పోలీసులు అప్పట్లో చెప్పారు. ఆ కేసులో నిజానిజాలు తేల్చాల్సింది కోర్టు. నా మనసులో నిలిచిపోయింది గ్రూపు అన్న ఆ ఒక్క సంగతి. గ్రూపు అంటే అక్కడ ఇంకా మనుషులున్నారు. మెసేజ్ కింద నీలం టిక్కులున్నాయి. అలాంటప్పుడు అందరి ముందూ సీనియర్‌కు ఎదురు మాట్లాడమని నేను ఏ పిల్లకూ చెప్పను. ఆ రాత్రే విడిగా ఒక మెసేజ్ పెట్టమంటాను. "నేను సదివిన. గట్ల అనుడు తప్పు. తిన్నవా? రేపు నీతోని వార్డుకు వస్త." ఆ నాలుగు మాటలతో అవమానం పోదు. కానీ ఈ గదిలో నా తరఫున ఒకరున్నారు అన్న తెలివిడి వస్తుంది. అది లేక కుంగిపోయిన పిల్లలను నేను కలిశాను.

నడుమకు పోయినందుకు పడే దెబ్బ కూడా అందరికీ ఒకలా ఉండదు. ఊరి పెద్దకులం సీనియర్‌ను మొదటి సంవత్సరం దళిత విద్యార్థో, ఉట్నూరు నుంచి వచ్చిన గోండు పిల్లో నిలదీస్తే కట్టాల్సిన మూల్యం వేరు. ఈ తేడాను చూడకుండా అందరినీ ధైర్యంగా ఉండమని చెప్పే శిక్షణ నాకు నచ్చదు. బలం ఎక్కువున్నవాళ్లే ముందు కదలాలి. లెక్చరర్లు, వార్డెన్లు, చివరి సంవత్సరం పిల్లలు.

మన కాలేజీల్లో మామూలైపోయిన ఇంకో జబ్బు గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. ఇద్దరు సమానుల మధ్య వచ్చిన తగాదానూ, ఒకరు ఇంకొకరిని వేధించడాన్నీ ఒకే గాటన కట్టి, 'లొల్లి' అని పేరు పెట్టి, స్టాఫ్ రూములో రాజీ కుదిర్చి పంపేస్తారు. పెద్దమనుషుల పంచాయితీ అలవాటు చదువుకున్నవాళ్లలోనూ పోలేదు. మెస్సులో గిన్నెల దగ్గర, క్రికెట్‌లో ఔటు దగ్గర, గదిలో లైటు ఆర్పే దగ్గర వచ్చేవాటికి రాజీ మంచిదే. వేధింపుకు రాజీ లేదు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టంలో, ఫిర్యాదు చేసిన మహిళ తానుగా కోరితే తప్ప సర్దుబాటు మాట ఎత్తకూడదని ఉంది. డబ్బుతో సర్దుబాటు అసలే కుదరదు. "చెల్లె, సారీ చెప్పిండు గద, ఇడిసిపెట్టు" అనే పెద్దలు ఇది చదవాలి.

సమానుల తగాదాలను తీర్చే పద్ధతి విషయంలో మాత్రం ఆదిలాబాద్ గోండుల దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు వచ్చి కూర్చొని గిరిజనుల గోడు వినే దర్బారు ఆ దశకంలో మొదలైందే, నేటికీ జరుగుతోంది. గూడెంలో ఊరిపెద్ద పట్లా, కొన్ని గూడేలకు కలిపి ఉండే రాయి సెంటర్‌లో దాని పెద్ద సార్‌మెడి తగాదాలు వింటారు. ఆ వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థి మా తరగతిలో ఒక మాట చెప్పాడు. "మా దగ్గర ముందుగాల ఇద్దరిని కూసోబెడ్తరు మేడం. నిలవడి మాట్లాడనియ్యరు." అప్పటి నుంచి నేను ప్రతి శిక్షణలో దాన్ని వాడుతున్నాను. ఇద్దరు కుర్రాళ్లు ఛాతీలు తగిలేలా నిలబడ్డప్పుడు మూడోవాడు చేయగలిగిన మొదటి పని కుర్చీ లాగి, "కూసో అన్నా, నీళ్లు తాగు, చెప్పు" అనడం. కూర్చున్న మనిషి చెయ్యి అంత తొందరగా లేవదు. కత్తి ఉన్నా, తాగి ఉన్నా ఇదేదీ వద్దు. దూరం జరిగి వందకు ఫోన్ చేయడమే పని. ఆడపిల్లల విషయమైతే జిల్లాలో షీ టీమ్ ఉంది.

చిన్న తగాదా చిన్నగా ఉన్నప్పుడే ఎందుకు ఆపాలో మన ప్రాంతానికి ఒకరు చెప్పనక్కరలేదు. బాసర ట్రిపుల్ ఐటీ ఉన్న నిర్మల్ జిల్లాలోనే భైంసా ఉంది. 2020 జనవరిలో అక్కడ ఇళ్లు, బండ్లు తగలబడ్డ అల్లర్లు మోటార్‌సైకిళ్ల మోత మీద వచ్చిన మాటల గొడవతో మొదలయ్యాయని అప్పట్లో వార్తలొచ్చాయి. 2017 డిసెంబర్‌లో ఆదివాసీలకు, లంబాడీలకు మధ్య ఉద్రిక్తత పెరిగి ఉట్నూరు వైపు ఇంటర్నెట్ ఆపేయాల్సి వచ్చింది. అలాంటి రోజుల్లో ఫోన్‌లోకి వచ్చిన వీడియోను ముందుకు పంపకుండా, పంపినవాడికి ఫోన్ చేసి "ఇది ఏడిది? ఎప్పటిది?" అని అడిగిన పిల్ల ఊరికి ఎంత మేలు చేస్తుందో లెక్కగట్టలేం.

ఇది మన పిల్లలకు చేతకానిది కాదు. 2022 జూన్‌లో బాసరలో వేలమంది విద్యార్థులు వానకు తడుస్తూ దాదాపు వారం రోజులు గేటు దగ్గర వరసలుగా కూర్చున్నారు. అడిగేది గట్టిగా అడిగారు, చెయ్యి మాత్రం లేపలేదు. చివరికి అప్పటి విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి వచ్చి వాళ్లతో కూర్చొని మాట్లాడాకే లేచారు. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు కూడా ఉన్నారు వాళ్లలో. అంత నిబ్బరం ఉన్న పిల్లలకు పక్క గదిలో ఏడుపు వినిపిస్తే ఏం చేయాలో నేర్పడానికి మనకు తీరిక లేదంటే ఎవరు నమ్ముతారు?

శాతవాహన యూనివర్సిటీకి, కాకతీయ యూనివర్సిటీ కింద ఉన్న ఆదిలాబాద్ కాలేజీలకు, బాసరకు, ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల మెడికల్ కాలేజీలకు నాదొక విన్నపం. కొత్త పిల్లలకు ఇండక్షన్ పెట్టాలని ఏఐసీటీఈ, యూజీసీ ఎప్పటి నుంచో చెబుతూనే ఉన్నాయి. ఇంజనీరింగ్‌లో అది మూడు వారాలు. అందులో రెండు పూటలు దీనికివ్వండి. అతిథుల సన్మానాలు, శాలువాలు ఒక పూట తగ్గినా నష్టం లేదు. యాభై మందికి మించకుండా కూర్చోబెట్టండి, కుర్చీలు జరపనివ్వండి. వార్డెన్లను, వాచ్‌మెన్లను, మెస్సులో వడ్డించేవాళ్లను, కాలేజీ బస్సు డ్రైవర్లను కూడా పిలవండి, ముందు చూసేది వాళ్లే. నడుమకు వెళ్లిన పిల్లకు ఆ తర్వాత మార్కుల్లో, హాస్టల్లో ఏ ఇబ్బందీ రానివ్వబోమని ప్రిన్సిపాల్ అందరి ముందూ తన నోటితో చెప్పాలి. ఆ మాట లేనిదే నా శిక్షణ సగమే. యూజీసీ ర్యాగింగ్ నిరోధక హెల్ప్‌లైన్ 1800-180-5522 రాత్రీ పగలూ పనిచేస్తుంది. నోటీసు బోర్డు మీద ఎలాగూ ఉంటుంది, హాస్టల్ ప్రతి గది తలుపు లోపలి వైపు కూడా అంటించండి.