వంత ఎవరు పాడాలి?

చీమకుర్తి అంటే బయటివాళ్లకు గెలాక్సీ గ్రానైట్. పద్యనాటకాల పిచ్చి ఉన్నవాళ్లకు మాత్రం ఆ ఊరి పేరే ఇంటిపేరైన నాగేశ్వరరావు, ఆయన హరిశ్చంద్ర పద్యాలు. కాటిసీనులో రాగం ఎంత సాగితే అన్ని వన్స్‌మోర్లు! ఈ నేలకు ఒంటిగొంతు మీద మోజెక్కువ. బడి వార్షికోత్సవంలోనూ అంతే. బాగా పాడే పిల్ల మైకు ముందుంటుంది, మిగతా క్లాసు వెనకాల పెదాలు కదుపుతుంది.

హైస్కూల్లో బృందగానం నేర్పుదామని ఏ టీచరైనా పూనుకుంటే మొదటి చిక్కు పాట దగ్గరే. సాహిత్యానికి కరువు లేదు. గురజాడ దేశభక్తి గేయం ఉంది, టంగుటూరి సూర్యకుమారి గొంతులో ఊరూరా తిరిగిన శంకరంబాడి సుందరాచారి ‘మా తెలుగు తల్లికి’ ఉంది. మాటలు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. ఎవరు పైస్వరం, ఎవరు కిందిస్వరం పాడాలో రాసిన కాగితమే అరుదు. అది టీచరే రాసుకోవాలి.

రాసుకున్నవాళ్లు లేకపోలేదు. 1919లో టాగూరు మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో బస చేశారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఆహ్వానం మీద వచ్చిన ఆయన ఒక సాయంత్రం ‘జనగణమన’ పాడితే విద్యార్థులు గొంతు కలిపారు. పాశ్చాత్య సంగీతం చదువుకున్న మార్గరెట్ కజిన్స్ ఆ స్వరాలను కాగితం మీద పెట్టారు. ఆ తర్వాతి తరంలో చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ మద్రాస్ యూత్ క్వయర్ పెట్టి, మన భాషల పాటలనే పలు వరసలుగా పంచి పాడించారు.

కాగితం సిద్ధమయ్యాక రెండో చిక్కు మొదలు. ఎనిమిది, తొమ్మిది తరగతుల మగపిల్లల గొంతు బొంగురుపోయి దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఆడపిల్లల గొంతులో మార్పు అంత కాదు. రికార్డులోని శ్రుతే పట్టుకుంటే సగంమంది కీచుమంటారు, సగంమంది నోరు మూసుకుంటారు. కొత్తగా గొంతు మారిన కుర్రాడికి షడ్జం చుట్టూ తిరిగే నాలుగు స్వరాల వరస ఇస్తే హాయిగా నిలబడతాడు.

దీనికి పరాయి పద్ధతే కావాలా? గుంటూరు జిల్లా పొన్నెకల్లు నాజర్ బుర్రకథకు 1986లో పద్మశ్రీ వచ్చింది. అందులో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు. వాళ్లు ఊరికే తందాన అనరు. ఒకరు నవ్విస్తారు, ఒకరు రాజకీయం అడుగుతారు. ఈ కాలమిస్టు మాటేమంటే, ఒకరి మాటకు ఇంకొకరు అడ్డుపడే ఈ అమరికే మన పిల్లలకు ఇట్టే ఎక్కుతుంది. చరణం ఆడపిల్లలకిచ్చి, వంత మగపిల్లల చేత కింద నిలబెట్టి పట్టించాలి.

అలా పట్టడమే కష్టం. గట్టిగా పాడేవాడు పక్కనుంటే వాడి వరసలోకే జారిపోతారు. అందుకే రెండు జట్లకూ వేరువేరు గదుల్లో నేర్పి, చివరి వారమే కలపడం మేలు. ప్రదర్శన రోజు మైకును ముందు వరుసకు నాలుగడుగుల దూరంలో పెట్టాలి, లేకుంటే మళ్లీ ఒక్కరి పాటే వినబడుతుంది.

ఇంత చేశాక, సభ ముగింపులో ‘జనగణమన’ అందుకోగానే ఎవరి శ్రుతి వారిది! హార్మోనియం అప్పటికే గుడ్డలో చుట్టేసి ఉంటుంది.