బైండరు చలవ

ఈమధ్య బంటుమిల్లిలో కూర్చుని చదివిన మూడు పుస్తకాలకూ బందరు చుట్టరికం ఉంది. అక్కడ చెళ్లపిళ్ల దగ్గర చదువుకున్న విశ్వనాథ ‘వేయిపడగలు’లో వాదన మింగుడు పడకపోయినా ఆ కథలోని ఊరు వదిలిపెట్టదు. బందరు డాక్టరు పట్టాభి సీతారామయ్య ‘ఫెదర్స్ అండ్ స్టోన్స్’లో అహ్మద్‌నగర్ కోట జైలు కబుర్లు రుచిగా ఉన్నాయి. బందరులో పుట్టిన విద్యాప్రకాశానందగిరి స్వామి ‘గీతామకరందం’ శ్లోకం శ్లోకానికీ ఆగి, ఓపిగ్గా నడిపిస్తుంది.

మూడూ పాత ప్రతులే. చదవగలిగానంటే బైండరు చలవ. ఫారాలు విడదీసి, మడత నడుమ సూది దించి, దారం బిగిస్తాడు. మైలుతుత్తం కలిపిన మైదా జిగురు వెన్నుకు పట్టించి, కాలికో గుడ్డ అంటించి, బరువు కింద ఆరబెడతాడు. కుట్టు సరిగ్గా మడతలో పడితేనే లావుపాటి పుస్తకం బల్లమీద వెల్లకిలా పరుచుకుంటుంది, అంచున అక్షరం దాక్కోదు. ఇంత పనికి అతనడిగే కూలి దగ్గర బేరమాడటం న్యాయం కాదు.