బందరు అద్దకం: కథలేని చిత్రాన్ని ఆస్వాదించే పద్ధతి – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

మచిలీపట్నం (బందరు) దృశ్యకళా చరిత్రలో రెండు ధారలు కనిపిస్తాయి. ఆంధ్రజాతీయ కళాశాల కేంద్రంగా వికసించిన చిత్రలేఖనం మొదటిది. బందరు, పెడన ప్రాంతాల్లో తరతరాలుగా సాగుతున్న అద్దకం రెండవది. తెలుగు కళావిమర్శ మొదటిదానికి చిత్రకారుల పేర్లతో కూడిన చరిత్రను నిర్మించింది. రెండవది ఎక్కువగా వర్తక చరిత్రలోనూ చేనేత, హస్తకళల నివేదికల్లోనూ మిగిలిపోయింది. కథ, పాత్ర, కర్త అనే మూడు ఆధారాలు లేని చిత్రాన్ని చదివే పద్ధతి అలవడకపోవడం ఇందుకు ఒక ముఖ్య కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. భారతీయ చిత్రకళా షడంగాలను, అలంకారశాస్త్రంలోని పునరుక్తి చర్చను ఆధారం చేసుకొని బందరు అద్దకాన్ని ఆస్వాదించడానికి తగిన ప్రమాణాలను సూచించడం దీని లక్ష్యం.

కీలక పదాలు: బందరు అద్దకం, కలంకారీ, కళాస్వాదన, షడంగాలు, పునరుక్తి, ఆంధ్రజాతీయ కళాశాల.

1. ప్రవేశిక:

ఒక ఊరి కళను ఆస్వాదించడమంటే ఆ ఊరిలో జరిగే చిత్రప్రదర్శనలకు వెళ్ళడమేనని సాధారణంగా భావిస్తారు. ఈ భావన ప్రకారం ప్రదర్శనశాలలు తక్కువగా ఉన్న చిన్న తీరనగరాల్లో చూడదగిన కళ కూడా తక్కువే అవుతుంది. బందరు విషయంలో ఈ నిర్ణయం నిలవదు. అక్కడి కళ గోడమీద పటంగా కంటే దుప్పటిగా, చీరగా, తెరగా ఎక్కువ కనిపిస్తుంది. దాన్ని వాడేవారు అనేకులు; చిత్రంగా చూసేవారు తక్కువ.

గుంటూరు జిల్లా పెదకాకాని పరిసరాల పాఠకులకు బందరు పరాయి ఊరు కాదు. కృష్ణకు ఇటువైపున్న పత్తి నేలలకూ తీరంలోని వస్త్రవర్తకానికీ సంబంధం పాతది. నేటి నిజాంపట్నం యూరోపియన్ వర్తకుల రాతల్లో ‘పెట్టపోలి’. ఎర్రరంగునిచ్చే చిరివేరుకు 17వ శతాబ్దంలో అది ప్రసిద్ధి. 1611లో ‘గ్లోబ్’ ఓడలో వచ్చిన ఆంగ్లేయ వర్తకులు పెట్టపోలిలో ఆగారు. ఆ ఏడాదే బందరులో వారి వర్తకస్థావరం ఏర్పడింది. కనుక బందరు అద్దకపు ఎరుపులో గుంటూరు తీరానికీ భాగముంది.

2. బందరులో రెండు దృశ్యకళా ధారలు:

1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య ప్రభృతుల కృషితో ఆంధ్రజాతీయ కళాశాల ఏర్పడింది. 1920ల తొలినాళ్ళలో వంగ చిత్రకారుడు ప్రమోదకుమార్ ఛటోపాధ్యాయ అక్కడ చిత్రకళను బోధించారు. ఆయన శిష్యులలో అడివి బాపిరాజు (1895–1952) ముఖ్యులు. కవి, నవలాకారుడు, చిత్రకారుడు అయిన బాపిరాజు తర్వాతి కాలంలో ఆ కళాశాలకే ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో బందరు నుంచే వెలువడిన కృష్ణాపత్రిక కళాభిరుచిని పెంచింది. ఈ ధారలో చిత్రం గీసినవారు, బోధించినవారు, దాన్ని గురించి రాసినవారు పరస్పరం పరిచితులు. అందువల్ల దాని చరిత్ర రచనలో నిలిచింది.

అద్దకం ధార ఇందుకు భిన్నం. గోల్కొండ కుతుబ్‌షాహీల పాలనలో, పారశీక విపణి అభిరుచుల ప్రభావంతో బందరు వస్త్రం లతలు, పూలు, వృక్షాలు, మామిడిపిందెలు, నెమళ్ళు ప్రధానంగా రూపొందింది. ‘కలంకారీ’ అన్న పేరే పారశీకం. కోరమాండల్ తీరపు రంగుల నూలువస్త్రాలు యూరపులో ఎంతగా ఆదరణ పొందాయంటే, స్వదేశీ నేతపరిశ్రమల రక్షణ కోసం ఫ్రాన్సు 1686లోనే భారతీయ అచ్చు వస్త్రాలను నిషేధించింది. ఇంగ్లండు 1721లో వాటి వాడకాన్ని కట్టడి చేస్తూ చట్టం చేసింది. అయితే ఆ కాలపు వర్తక పత్రాలు ప్రధానంగా ధర, కొలత, రంగు, సరఫరాలను గురించి మాట్లాడతాయి. వస్త్రాన్ని రూపొందించినవారి పేర్లకు వాటిలో చోటు లేదు.

ఈ విభజనకు కళాశాలను బాధ్యురాలిని చేయడం న్యాయం కాదు. చేతిపనిని విద్యలో భాగం చేయడం జాతీయ విద్యోద్యమ ఆశయాలలో ఒకటి. కర్త పేరు, అతని జీవితం, అతని మాట లభించినచోటనే విమర్శ స్థిరపడటం అసలు సమస్య.

3. కథ ఉన్న కలంకారీ, కథలేని అద్దకం:

కలంకారీలో రెండు సంప్రదాయాలున్నాయి. శ్రీకాళహస్తిలో కలంతో చేతిగీత ప్రధానం. రామాయణ, భారత, భాగవత ఘట్టాలు వరుస పలకలుగా సాగుతాయి, కొన్నింటిలో తెలుగు అక్షరాలతో వివరణలు కూడా ఉంటాయి. బందరులో కొయ్య అచ్చులతో అద్దడం ప్రధానం.

శ్రీకాళహస్తి వస్త్రం ముందు నిలిచిన తెలుగు పాఠకుడికి వెంటనే ఒక దారి దొరుకుతుంది. ఇది ఏ ఘట్టం, ఈ పాత్ర ఎవరు, మూలకథకూ చిత్రానికీ తేడా ఏమిటి అన్న ప్రశ్నలు అతనికి పరిచితమే. సాహిత్య విమర్శ పనిముట్లు అక్కడ నేరుగా ఉపయోగపడతాయి. బందరు వస్త్రం ముందు ఈ ప్రశ్నలేవీ పనిచేయవు. ‘బాగుంది’ అన్న మాట దగ్గరే పరిశీలన ఆగిపోతుంది. తర్వాతి ప్రశ్న ధర గురించి వస్తుంది.

4. తయారీక్రమం – చూపుకు ఆధారం:

అద్దకాన్ని ఆస్వాదించడానికి దాని తయారీక్రమం తెలియడం అవసరం. ముందుగా నూలుగుడ్డను గంజి పోయేలా ఉతికి, కరక్కాయ ద్రావణంలో ముంచి ఆరబెడతారు. పాత ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రావణాన్ని అచ్చుతో ఆ గుడ్డమీద అద్దితే, కరక్కాయలోని ఒగరు పదార్థంతో కలిసి నలుపు తేలుతుంది. ఎరుపు రావలసినచోట పటిక ద్రావణాన్ని అద్దుతారు. తర్వాత పారే నీటిలో జాడించి, ఎర్రరంగునిచ్చే వేరు లేదా చెక్కతో కలిపి మరిగిస్తారు. పటిక పట్టిన చోట ఎరుపు స్థిరపడుతుంది. నీలిమందు వాడే పాత పద్ధతిలో, నీలం అక్కరలేని భాగాలను మైనంతో కప్పేవారు. కరక్కాయ, దానిమ్మతొక్క వంటివాటి నుంచి పసుపు వస్తుంది.

ఈ క్రమంలో విమర్శకు పనికివచ్చే అంశం ఒకటుంది. పటం గీసే చిత్రకారుడు రంగు వేసిన వెంటనే దాన్ని చూస్తాడు, నచ్చకపోతే దిద్దుతాడు. అద్దకంలో పటిక అద్దే దశకూ ఎరుపు కనిపించే దశకూ మధ్య ఉతుకు, మరుగు ఉన్నాయి. పూర్తయిన చిత్రం పనివారి మనసులో ముందే ఉండాలి. రూపరేఖకు ఒక అచ్చు, లోపలి రంగుకు మరొక అచ్చు చొప్పున పడే వస్త్రంలో ఒక్కొక్క రంగూ తన వంతు వచ్చేదాకా ఆగుతుంది. ‘యాంత్రికమైన పని’ అన్న ఆక్షేపణకు ఈ ముందుచూపే సమాధానం.

5. షడంగాల వెలుగులో అద్దకం:

వాత్స్యాయన కామసూత్రాలకు యశోధరుడు రచించిన జయమంగళ వ్యాఖ్య చిత్రకళకు ఆరు అంగాలను పేర్కొంటుంది: రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం. వంగ చిత్రకళోద్యమ కాలంలో అవనీంద్రనాథ్ ఠాగూరు వీటికి కొత్త ప్రాచుర్యం కల్పించారు. వీటిని అద్దకానికి అన్వయిస్తే కొన్ని సూటిగా అమరుతాయి, కొన్ని మార్పు కోరుతాయి.

రూపభేదం: మొగ్గ, విరిసిన పువ్వు, ఆకు, పిందె ఒకే మందం గల గీతలో ఉన్నా వేటికవి గుర్తుపట్టేలా ఉండాలి. అరిగిన అచ్చు ముందుగా పోగొట్టేది ఈ భేదాన్నే.

ప్రమాణం: ఇక్కడ దీన్ని అవయవాల కొలతగా కాక నడిమిభాగానికీ అంచుకూ మధ్య ఉన్న నిష్పత్తిగా గ్రహించాలి. అంచు మరీ బరువైతే నడుమ ఉన్న లత ఇరుకున పడుతుంది.

సాదృశ్యం: ఒకే తీగకు వేర్వేరు చెట్ల ఆకులూ పూలూ పూయించే ఈ కళలో ప్రకృతితో పోలిక ప్రధానం కాదు. పోలిక లేదని తప్పుపట్టడం అనుచితం.

భావం: మానవముఖం లేనిచోట భావం ఎక్కడుంటుందన్న ప్రశ్న సహజం. అది రూపాల ఒత్తుదనంలోనూ వాటి నడుమ విడిచిన ఖాళీలోనూ వ్యక్తమవుతుంది. గుబురుగా నిండిన వస్త్రం కలిగించే అనుభూతి వేరు, విడివిడిగా బుటాలు పరచిన వస్త్రం కలిగించే అనుభూతి వేరు.

లావణ్యయోజనం, వర్ణికాభంగం: మొదటిది తీగ వంపులో, రెండవది నలుపు, ఎరుపు, పసుపుల పరస్పర ఆనికలో పరీక్షకు నిలుస్తాయి.

6. పునరుక్తి – దోషమా, గుణమా?

షడంగాలలో ప్రత్యేకంగా పేర్కొనని లక్షణం ఒకటి అద్దకానికి ప్రాణం. అది ఆవృత్తి. ఒకే అచ్చు వందలసార్లు పడితేనే వస్త్రం తయారవుతుంది. కావ్యశాస్త్రంలో పునరుక్తి దోషం. అయితే ఆ శాస్త్రమే యమకాన్నీ లాటానుప్రాసనూ అలంకారాలుగా అంగీకరించింది. లాటానుప్రాసలో శబ్దార్థాలు రెండూ మళ్ళీ వస్తాయి, తాత్పర్యం మాత్రం మారుతుంది. ఈ భేదం అద్దకానికి చక్కగా వర్తిస్తుంది. నడిమిభాగంలో విడిగా నిలిచిన పువ్వు, అంచులో వరుసలో కలిసిన అదే పువ్వు చూపుకు ఒకే పని చేయవు. మొదటిదాని దగ్గర చూపు ఆగుతుంది, రెండవదాని వెంట నడుస్తుంది.

దుప్పటి అంచు మూల దగ్గర తిరిగే తీరు దీనికి మంచి పరీక్ష. వరుస ఎక్కడో తెగి మళ్ళీ మొదలైతే అది కేవలం పునరుక్తి. తీగ తెగకుండా మలుపు తిరిగితే అది కూర్పు. అచ్చుకూ అచ్చుకూ నడుమ కనిపించే స్వల్పమైన అతుకును చేతిపనికి గుర్తుగా మెచ్చుకోవడం పరిపాటి. ఈ మెప్పుకు హద్దు ఉండాలి. నేర్పరి అయిన పనివాడు ఆ అతుకును కనబడకుండా చేయడానికే ప్రయత్నిస్తాడు. అతుకు చేతిజాడ మాత్రమే, దానంతట అదే గుణం కాదు.

ఆవృత్తిని ఆస్వాదించే చూపు తెలుగువారికి కొత్తది కాదు. అమరావతి స్తూప ప్రాకారపు అడ్డుకమ్మీలపై పద్మఫలకాలు వరుసగా పునరావృత్తమవుతాయి. ఇది చారిత్రక ప్రభావాన్ని సూచించడానికి చెప్పిన మాట కాదు, చూపు అలవాటును గుర్తుచేయడానికి మాత్రమే. సంక్రాంతినాడు పెదకాకాని వీధిలో చుక్కల ముగ్గు వేసే గృహిణికి వరుస ఎక్కడ తప్పిందో, మూల ఎక్కడ కలవలేదో ఒక్క చూపులో తెలుస్తుంది. ఆ జ్ఞానాన్ని విమర్శ తన ప్రమాణాల్లోకి తీసుకోలేదు.

7. కర్తృత్వ సమస్య:

అచ్చు చెక్కేవారు ఒకరు, అద్దేవారు మరొకరు, రంగు మరిగించేవారు, ఉతికేవారు ఇంకొకరు అయినప్పుడు కళాకారుడు ఎవరన్న ప్రశ్న వస్తుంది. ఇటువంటి ప్రశ్నను తెలుగు సాహిత్య పరిశోధన ఇదివరకే ఎదుర్కొంది. కర్త పేరు తెలియని పాటలను సాహిత్యంగా అంగీకరించడానికి బిరుదురాజు రామరాజు ప్రభృతుల జానపద సాహిత్య పరిశోధన దారి వేసింది. అదే ఔదార్యం దృశ్యకళకూ వర్తించాలి. తుమ్మపూడి వంటి పల్లెలో నివసిస్తూ కళావిమర్శ సాగించిన సంజీవదేవ్ (1914–1999) కళాస్వాదనకు మహానగరం అనివార్యం కాదని తన జీవితంతోనే నిరూపించారు. ఆ మార్గాన్ని స్థానిక వస్త్రకళ వైపు పొడిగించవలసి ఉంది.

8. చూపు లోపిస్తే కలిగే నష్టం:

నేడు పెడనలో కొయ్య అచ్చు పనితోపాటు స్క్రీన్ ప్రింటింగ్ కూడా సాగుతోంది. అవే లతలు, అవే నెమళ్ళు రసాయన రంగులతో తక్కువ వ్యవధిలో, తక్కువ ఖర్చుతో తయారవుతాయి. ఆ పనిమీద ఆధారపడిన కుటుంబాలూ ఉన్నాయి కనుక దాన్ని నిందించడం సులభ పరిష్కారం మాత్రమే. రెండింటి భేదం కొనేవారికి తెలియకపోవడం అసలు చిక్కు. భేదం కనిపించనప్పుడు తక్కువ ధర గెలుస్తుంది. అచ్చు చెక్కేవారికీ సహజవర్ణాలతో అద్దేవారికీ శ్రమకు తగిన ప్రతిఫలం దక్కదు. బందరు కలంకారీకి లభించిన భౌగోళిక గుర్తింపు పేరును కాపాడగలదు. చూసేవారి కన్నును తయారుచేయలేదు. ఆ బాధ్యత విమర్శది, బోధనది.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. బందరు అద్దకం విమర్శకు దూరమవడానికి కళాత్మక లోపం కారణం కాదు. కథ, కర్త ఉన్నచోటనే నిలిచే విమర్శ అలవాటు ఇందుకు ఒక ప్రధాన కారణం.

2. షడంగాలను అద్దకానికి అన్వయించవచ్చు. ప్రమాణం, భావం అనే వాటిని విస్తరించి గ్రహించాలి, సాదృశ్యాన్ని పక్కన ఉంచాలి.

3. ఆవృత్తిని ఏడవ ప్రమాణంగా స్వీకరించాలి. లాటానుప్రాస భావన దానికి శాస్త్రీయమైన ఆధారాన్ని ఇస్తుంది.

4. వస్త్రాన్ని చూసేటప్పుడు గీత స్పష్టత, అంచు నిష్పత్తి, మూల మలుపు, విడిచిన ఖాళీ, వెనుకవైపుకు రంగు దిగిన తీరు అనే ఐదింటిని వరుసగా గమనించడం ఆచరణీయమైన ఆస్వాదనాక్రమం.

5. తెలుగు శాఖల్లో కళాపరిచయం బోధించేటప్పుడు బాపిరాజు చిత్రాల పక్కన ఒక బందరు దుప్పటిని కూడా పరచి చూపడం అవసరం. విద్యార్థి ఇంట్లో వాడుకలో ఉన్న గుడ్డే అతని మొదటి కళాపాఠం కాగలదు.