లిబ్‌వర్ట్ అనే నీరటికాడు

చెరువు కింద సాగు చేసిన ఊళ్లలో నీరటికాడు అంటే ఎవరో చెప్పనక్కర్లేదు. చెరువు ఒకటే, దాని కింద మడులు ఎన్నో. ఏ తూము ఎప్పుడు ఎత్తాలి, ఎవరి పొలానికి ఎంతసేపు నీళ్లు పారాలి అన్న లెక్కంతా అతనిదే. రైతు తనంతట తాను పోయి తూము ఎత్తడు, నీరటికాడికి చెప్తాడు. కంప్యూటర్ల లోకంలో దాదాపు ఇదే పని చేసే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ఒకటి ఇరవై ఏళ్లుగా నడుస్తోంది. పేరు లిబ్‌వర్ట్. ఒక సర్వర్‌లో ఉన్న ప్రాసెసర్‌ను, మెమరీని, డిస్కును పంచి పది వర్చువల్ మెషిన్లు నడపాలంటే, ఆ పంపకం చేయించేది, లెక్క రాసిపెట్టుకునేది, ఆపమంటే ఆపేది ఇదే. సర్వర్ల పని నేర్చుకునే మన పిల్లలకు కంపెనీలు అమ్మే తెరల మీద బొత్తాలు నొక్కడం కన్నా ముందు ఈ నీరటితనం నేర్పాలన్నది నా వాదన. ఆదిలాబాద్ లాంటి చోట్ల ఈ అవసరం హైదరాబాద్‌లో కన్నా ఎక్కువనీ అంటాను.

ఒక యంత్రంలో పది యంత్రాలు నడపడం నిన్నమొన్నటి ఆలోచన కాదు. ఐబీఎం 1972లోనే తన పెద్ద కంప్యూటర్ల కోసం వీఎం/370 అనే వ్యవస్థను తెచ్చింది. మామూలు కంప్యూటర్లకు ఆ వైభవం ఆలస్యంగా వచ్చింది. 2003లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం నుంచి జెన్ వచ్చింది. అదే ఏడాది ఫ్రాన్స్‌కు చెందిన ఫాబ్రిస్ బెలార్ క్యూఎము మొదలుపెట్టాడు. 2005 నుంచి ఇంటెల్, ఆ వెంటనే ఏఎండీ ఈ పనికి కావలసిన సదుపాయాన్ని చిప్పుల్లోనే పెట్టాయి. 2007లో కేవీఎం లైనక్స్ కెర్నెల్‌లో భాగమైంది. ఇన్ని వచ్చాయి గానీ దేని భాష దానిదే. జెన్ కోసం రాసిన ప్రోగ్రాము కేవీఎం దగ్గర పనికిరాదు. ఈ చిక్కు ముదరకముందే, 2005లో, రెడ్‌హ్యాట్‌లో పనిచేసే డేనియల్ వెయార్ లిబ్‌వర్ట్‌కు పునాది వేశాడు. మొదట జెన్ ఒక్కదానికే. తర్వాత కేవీఎం, ఎల్ఎక్స్‌సీ, వర్చువల్‌బాక్స్, వీఎంవేర్, హైపర్-వీ వచ్చి చేరాయి. కింద ఏ చెరువున్నా పైన ఒకే మాట చెల్లేలా చేశారు. మెషిన్‌కు ఎంత మెమరీ, ఎన్ని ప్రాసెసర్లు, ఏ డిస్కు అన్నది ఎక్స్ఎంఎల్‌లో రాసి ఇస్తే చాలు. లైబ్రరీ రాసింది సీ భాషలో, వాడుకోవడానికి పైథాన్, గో, పెర్ల్, జావా దేనితోనైనా సరే.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది అది ఇచ్చిన మాట. పాత ప్రోగ్రాములను చెడగొట్టే మార్పు సీ ఇంటర్‌ఫేస్‌లో చేయబోమని లిబ్‌వర్ట్ వాళ్లు మొదట్లోనే అన్నారు, ఇప్పటికీ దాని మీదే ఉన్నారు. లైనక్స్‌లో లైబ్రరీ ఫైలు పేరు చివర ఒక అంకె ఉంటుంది, పాతదానితో పొసగని మార్పు చేసిన ప్రతిసారీ అది పెరగాలి. లిబ్‌వర్ట్ వెర్షన్ నంబరు ఇప్పుడు ఏటా జనవరిలో ఒకటి పెరుగుతూ 2025 నాటికి 11కు చేరింది. ఫైలు పేరు చివరి అంకె మాత్రం ఇంకా సున్నాయే. ప్రతి రెండేళ్లకూ నేర్చుకున్నదంతా చెత్తబుట్టలో వేయించే ఈ రంగంలో ఆ సున్నాకు దండం పెట్టాలనిపిస్తుంది. సెలవుల్లో తప్ప ఊరు కదలని అధ్యాపకుడికి, ఏటా కొత్త శిక్షణకు డబ్బు పెట్టలేని కాలేజీకి, ఒకసారి నేర్చింది పదేళ్లు చెల్లుబాటు కావడం చిన్న విషయం కాదు.

ఇక నైపుణ్యం సంగతి. లిబ్‌వర్ట్‌తో వచ్చే virsh అనే కమాండ్ పరికరాన్ని తెలుగులో విర్ష్ అందాం. అందులో మెషిన్ పేరు 'డొమైన్', జెన్ రోజుల నుంచి మిగిలిపోయిన మాట. 'షట్‌డౌన్' అంటే లోపలి ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇక పడుకో అని కబురు పంపడమే, అది వినొచ్చు, వినకపోవచ్చు. 'డిస్ట్రాయ్' అనే మాట చూసి కొత్తవాళ్లు జడుసుకుంటారు. నిజానికి అది కరెంటు తీగ పీకడం లాంటిది, డిస్కు ఎక్కడికీ పోదు. 'అన్‌డిఫైన్' అంటే రికార్డులోంచి ఆ మెషిన్ వివరం కొట్టేయడం, అప్పుడు కూడా మనం ప్రత్యేకంగా చెప్తే తప్ప డిస్కు ఫైలు అలాగే ఉంటుంది. ఈ మూడు మాటల మధ్య తేడా గ్రహించినవాడికి అసలు సంగతి బోధపడినట్టే: నడుస్తున్న యంత్రం వేరు, దాని వివరం వేరు, అందులో దాచిన సరుకు వేరు. పట్టాదారు పాసుపుస్తకం, భూమి, పంట ఒకటి కాదని రైతుకు ఎంత సహజంగా తెలుసో ఇది కూడా అంత సహజంగా తెలియాలి. అమ్మకానికి వచ్చే తెరల బొత్తాల వెనక ఈ తేడా సులువుగా మరుగున పడుతుంది. అందుకే ఆ తెరల మీద ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు కూడా ఆపదలో చేతులెత్తేస్తారు.

గట్టు తెగితే పక్క మడి మునిగే ప్రమాదం ఇక్కడా ఉంది. 2015లో బయటపడిన 'వెనమ్' లోపం క్యూఎములోని ఫ్లాపీ డిస్కు కోడ్‌లో దొరికింది. ఫ్లాపీలను జనం మరిచిపోయినా కోడ్ మరవలేదు, 2004 నుంచీ అందులోనే పడి ఉంది. లోపలి మెషిన్ నుంచి బయటి సర్వర్‌లోకి దూకే దారి అది. లిబ్‌వర్ట్ అంతకు ముందే, 2009 ప్రాంతంలో, ఎస్‌వర్ట్ అనే కట్టుబాటు తెచ్చింది. లైనక్స్‌లోని భద్రతా వ్యవస్థ ఎస్ఈలైనక్స్ సాయంతో ప్రతి మెషిన్‌కూ వేరే ముద్ర వేసి, ఒకదాని చేయి మరొకదాని డిస్కు మీద పడకుండా చేస్తుంది. ఆ జాగ్రత్త ఉన్న చోట వెనమ్ లాంటి లోపం కలిగించే నష్టానికి ఒక హద్దు ఉంటుంది.

ఇప్పుడు మన జిల్లాకు వద్దాం. గోదావరి ఒడ్డున బాసరలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం క్యాంపస్ 2008లో మొదలైనప్పుడు బాసర ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. 2016 పునర్విభజనలో నిర్మల్‌కు వెళ్లింది. పదో తరగతి మార్కులతో వచ్చే పల్లె పిల్లలు ఆరేళ్లు చదివే చోటు అది. ప్రతి విద్యార్థి చేతికీ ల్యాప్‌టాప్ అన్నది దాని తొలినాటి ఆలోచన. ఎనిమిది జీబీ మెమరీ ఉన్న మామూలు ల్యాప్‌టాప్‌లో మూడు జీబీ ఇంటివాడికి, అంటే ల్యాప్‌టాప్ సొంత ఆపరేటింగ్ సిస్టమ్‌కు, వదిలినా, తలా ఒక జీబీతో అయిదు చిన్న లైనక్స్ సర్వర్లు నిలబడతాయి. ఒకటి వెబ్ సర్వర్, ఒకటి డేటాబేస్, ఒకటి డీఎన్ఎస్, మిగిలిన రెండూ చెడగొట్టి బాగుచేసుకోవడానికి. లిబ్‌వర్ట్ తనంతట తానే 192.168.122తో మొదలయ్యే ఒక లోపలి నెట్‌వర్క్ కట్టి ఇస్తుంది. ఇన్‌స్టాల్ చేసే ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఒకసారి చేతికొస్తే, హాస్టల్‌లో ఇంటర్నెట్ పోయిన రాత్రి కూడా ఈ అయిదూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. బయోస్‌లో వర్చువలైజేషన్ సదుపాయం తెరిచి ఉందో లేదో మాత్రం ముందుగా చూసుకోవాలి. సగం మంది అక్కడే ఆగిపోతారు.

క్లౌడ్ ఉండగా ఇదంతా ఎందుకని అడగొచ్చు. అమెజాన్ 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లోనే తన క్లౌడ్ కేంద్రాన్ని తెరిచింది. క్రెడిట్ కార్డు ఉంటే నిమిషంలో మెషిన్ వస్తుంది, నిజమే. ఆపడం మరిచిపోతే నెల తిరిగేసరికి బిల్లూ వస్తుంది. పదిహేడేళ్ల విద్యార్థి దగ్గర కార్డు ఉండదు, తప్పు చేసే స్వేచ్ఛ మాత్రం ఉండాలి. పైగా అద్దె మెషిన్ కింద ఏం జరుగుతోందో చూపించకపోవడమే క్లౌడ్ వ్యాపారం. సొంత క్లౌడ్ కట్టుకునేవాళ్లకు ఓపెన్‌స్టాక్ ఉంది, కేవీఎం మీద నడిచేటప్పుడు అది లిబ్‌వర్ట్‌నే పిలుస్తుంది. కంటెయినర్లు వచ్చాక వర్చువల్ మెషిన్ల పని అయిపోయిందనే వాళ్లు కుబర్నెటీస్ మీద నడిచే కుబ్‌వర్ట్‌ను విప్పి చూస్తే, లోపల కూర్చున్నదీ లిబ్‌వర్టే.

కంపెనీలు ఉద్యోగాల్లో వీఎంవేర్ అడుగుతాయి కదా అన్నది మరింత బరువైన ప్రశ్న. తల్లిదండ్రులు అడిగేది కూడా ఇదే. వీఎంవేర్‌ను సుమారు 6,100 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు బ్రాడ్‌కామ్ 2022 మేలో ప్రకటించి, 2023 నవంబర్‌లో సొంతం చేసుకుంది. మరుసటి నెలలోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసి చందా పద్ధతికి మారింది. వర్చువల్ మెషిన్లు నడిపే తన ఈఎస్ఎక్స్ఐలో నేర్చుకునేవాళ్లు వాడే ఉచిత రూపాన్ని 2024 ఫిబ్రవరిలో తీసేసి, 2025 ఏప్రిల్‌లో మళ్లీ పెట్టింది. వ్యాపారికి తన సరుకు మీద ఆ హక్కు ఉంది, తప్పు పట్టను. కానీ ఒక కాలేజీ పాఠ్యాంశం మరో దేశపు కంపెనీ బోర్డు నిర్ణయం మీద ఊగడం సరికాదు. లిబ్‌వర్ట్ తెలిసినవాడికి వీఎంవేర్ నేర్చుకోవడం కొన్ని వారాల పని. ఎదురు దారి అంత సులువు కాదు.

లిబ్‌వర్ట్ మాత్రం ఎవరిది, అదీ ఒక అమెరికా కంపెనీ జీతాల మీదే బతుకుతోంది కదా అని ఎవరైనా అంటే కాదనలేను. అందులో పనిచేసేవాళ్లలో రెడ్‌హ్యాట్ వాళ్లే ఎక్కువ, ఆ రెడ్‌హ్యాట్‌ను 2019లో ఐబీఎం కొనేసింది. ఆ తర్వాత రెడ్‌హ్యాట్ తన ఉచిత లైనక్స్ సెంటాస్‌ను అర్ధాంతరంగా ఆపేసినప్పుడు వాడేవాళ్లు ఏం అనుభవించారో తెలిసినవాళ్లకు ఈ భయం అర్థమవుతుంది. అయితే లిబ్‌వర్ట్ ఎల్‌జీపీఎల్ లైసెన్సు కింద ఉంది. ఇప్పటికే విడుదలైన కోడ్‌ను ఎవరూ వెనక్కి లాక్కోలేరు. డెబియన్, ఉబుంటు, సూసే అన్నీ దాన్ని తమతో మోస్తున్నాయి. జీతాలు ఆగితే వేగం తగ్గవచ్చు, చేతిలో ఉన్నది పోదు. అన్నిటికీ ఒకే భాష పెడితే ఒక్కోదాని ప్రత్యేకత ఆలస్యంగా అందుతుందన్న ఆరోపణా నిజమే. వర్చువల్ మెషిన్లు నడిపే మరో వ్యవస్థ ప్రాక్స్‌మాక్స్ వాళ్లు లిబ్‌వర్ట్ జోలికి పోకుండా నేరుగా క్యూఎముతోనే మాట్లాడతారు, హాయిగా నడుపుకుంటున్నారు. ఎక్స్ఎంఎల్ చూస్తే నాకూ విసుగే. వేల సర్వర్లున్న కంపెనీకి ఈ లోపాలు బరువు కావచ్చు. ఒకటో రెండో సర్వర్లున్న పాలిటెక్నిక్‌కు ఇవి లెక్కలోకి రావు.

కేంద్ర ప్రభుత్వం 2015లోనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని విధానం ప్రకటించింది. కరీంనగర్‌లో ఐటీ టవర్ 2020లో తెరుచుకుంది. కాగితమూ ఉంది, కట్టడమూ ఉంది, మధ్యలో పని తెలిసిన చేతులు కావాలి. బాసరలో, ఆదిలాబాద్ జిల్లా కాలేజీల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పే అధ్యాపకులను ఒక్కటి కోరుతున్నాను. వచ్చే సెమిస్టర్‌లో పదిహేను ల్యాబ్ గంటలు దీనికి ఇవ్వండి. మొదటి రోజే ప్రతి విద్యార్థి చేత ఒక మెషిన్‌ను పుట్టించి, 'డిస్ట్రాయ్' చేయించి, తిరిగి లేపించండి.